చెలకలోకి నీళ్ల గోలెం

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఆయన యూరియా బస్తాలు తేవడం మానేశాడు. దేవరకొండ దగ్గరి మా చెలకలో సగం గడ్డికి వదిలి, నాలుగు ఆవులను పెట్టుకుని మందుల్లేని పాలు అమ్ముదామన్నాడు. నేను రామన్నపేట బజారులో పెరిగినదాన్ని. ఆవు తలాడిస్తేనే వెనక్కి జరిగేదాన్ని.

మేపడం మా అత్తమ్మ పని. పొద్దున్నే ఆవులను గడ్డికి వదిలిన సగమంతా వదిలేసేది. అవి లేత గడ్డినే వెతుక్కుని మొదలుదాకా కొరికేవి. ముదురు గడ్డి నిలబడే ఎండిపోయేది. రైతుల శిక్షణలో విన్న మాట పట్టుకుని నేను ఆ సగాన్ని తాళ్లతో నాలుగు ముక్కలు చేశాను. ఒకటి మేశాకే ఇంకోదానిలోకి తోలాలి.

"పసులకు గూడ జైలేనా పిల్లా?" అంది అత్తమ్మ.

మూడు ముక్కలు బాగానే సాగాయి. మేసినచోట వానకు గడ్డి మళ్లీ లేచింది. నాలుగోదానిలో మాత్రం మోకాలెత్తు గడ్డి ఉన్నా ఆవులు తాడు దగ్గరికొచ్చి నిలబడేవి. పాలు తగ్గాయి. మా ఆయన పాల క్యాను ఎత్తిచూసి కింద పెట్టిన తీరు చూసి నాకు ఏడుపొచ్చింది. తాళ్లు విప్పబోయాను.

"జర ఆగు" అని ఆపింది అత్తమ్మే. ఆ రోజంతా తుమ్మచెట్టు కింద కూర్చుని ఆవులనే చూసింది. సాయంత్రం ఇంటికొచ్చి, "గడ్డి మంచిగనే ఉన్నది బిడ్డా. బాయి గా కొసకున్నది. దూపకు ఎండుతుంటే మేత యెట్ల దిగుతది?" అంది.

నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. తెల్లారి ఇద్దరం ఇంటి ముందున్న సిమెంటు గోలేన్ని దొర్లించుకుంటూ నాలుగో ముక్కలోకి చేర్చాం. నా అరచేతులు చెక్కుకుపోయాయి. బావి నుంచి పైపు గుంజి నింపాం. ఎర్రావు కడుపునిండా తాగి, కాసేపు అట్లాగే నిలబడి, గడ్డిలో మూతి పెట్టింది.

"ఇగ తాళ్లు నేనే జరుపుత" అంది అత్తమ్మ.

చివరిదాకా ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆమె పోయాక నేను చేస్తున్నాను. పొద్దు వాలి చల్లబడ్డాక ఆవులు గబగబా మేస్తాయి. అత్తమ్మ ఉన్నన్నాళ్లూ ఆ వేళకు మేమిద్దరం గట్టుమీద కూర్చునేవాళ్లం. కొంగులోని ఉడికిన పల్లికాయలు ఒలిచి నా చేతిలో పోసేది. గడ్డి తెగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.