రాని కారుకు చెప్పిన సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట అందరికీ వందనాలు. పోయిన ఆదివారం ఇదే మైకు పట్టుకుని దేవుడు నాకు కారు ఇచ్చాడని చెప్పాను, మీరందరూ చప్పట్లు కొట్టి హల్లెలూయా అన్నారు. ఆ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ రోజు నిలబడ్డాను.

మా ఇంటి కష్టం మీకు తెలియనిది కాదు. మా ఆయన పాశమైలారం ఫ్యాక్టరీలో పని చేస్తూ నిచ్చెన మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నారు, అప్పటి నుంచి సంగారెడ్డి ఆసుపత్రికి పోవాల్సి వచ్చినప్పుడల్లా నేనూ మా అమ్మాయీ ఆయన్ని పట్టి ఆటోలో పడుకోబెట్టేవాళ్లం, గుంత వచ్చిన ప్రతిసారీ ఆయన "యేసయ్యా" అని అరిచేవారు, ఆ అరుపు నేను భరించలేకపోయేదాన్ని. అందుకే మూడు శుక్రవారాలు ఉపవాసముండి, "తండ్రీ, నాకు బంగారమొద్దు, మేడలొద్దు, ఆయనను కుదుపు లేకుంట తీస్కపోయేటందుకు ఒక్క బండి ఇయ్యి తండ్రీ" అని ఏడ్చాను.

మూడో శుక్రవారం ప్రార్థన ముగించుకుని బయట చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. మెయిల్! పీఎఫ్ కోసం మా అమ్మాయి చేసిపెట్టిన ఆ మెయిల్‌కు అలాంటిది ఏనాడూ వచ్చింది లేదు. లక్కీ డ్రాలో నాకు కారు బహుమతి వచ్చిందని, మంగళవారంలోగా ఆధార్, పాస్‌బుక్ ఫోటోలు పెట్టి ఫారం నింపాలని, ఇంకొకరికి పంపితే వాళ్లకీ బహుమతి ఉంటుందని అందులో రాసి ఉంది. నేను అక్కడే మోకరించాను. నిజమా అబద్ధమా అని ఒక్క క్షణం ఆలోచించలేదు! అడిగింది బండి, వచ్చింది బండి, ఇంకా అనుమానిస్తే అవిశ్వాసమవుతుందని భయపడ్డాను. మన సంఘంలో జవాబు చేతికి రాకముందే విశ్వాసంతో కృతజ్ఞత చెప్పుకునే అలవాటుంది కదా, అలాగే ఆదివారం చెప్పేశాను. ఆరాధన అయ్యాక మన సుగుణమ్మ, భర్త పోయాక బట్టలు కుట్టుకుని బతుకుతున్న సుగుణమ్మ, నా దగ్గరికి వచ్చి, "అక్కా, నాకు గూడ పంపవా జెర" అంది. పంపాను. దేవా, నన్ను క్షమించు!

సోమవారం డ్యూటీకి వెళ్లాను. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తాను. అక్కడ డబ్బా మీద పేరు, నంబరు నేను చూసి సంతకం పెడితే సరిపోదు, పక్కనామె మళ్లీ చూసి రెండో సంతకం పెట్టాలి, అప్పుడే డబ్బా కదులుతుంది. నా పక్కన చేసేది భానూర్ ఊరి నుంచి వచ్చే లక్ష్మి. ఆమె మన ప్రార్థనలకు వచ్చే మనిషి కాదు. భోజనాల వేళ లాకర్‌లోంచి ఫోన్ తీసి గొప్పగా ఆమెకు చూపించాను. లక్ష్మి లేబుల్ చూసినట్టే పైనుంచి కిందికి చూసింది.

"ఏంది అక్కా గిది? గీ డ్రాల నువ్వు పేరు ఎప్పుడిచ్చినవ్? పైన కంపెనీ పేరొకటుంది, పంపిన అడ్రస్ ఇంకోటుంది. డబ్బా మీద గిట్లుంటే పక్కకు పెట్టవా? దీనికి రెండో సంతకం ఎవరు పెట్టిన్రు?"

అన్నం డబ్బా మూసేసి లేచాను సహోదరులారా! నా ఫారం ఇంకా నింపలేదు, సాయంత్రం అమ్మాయితో నింపిద్దామనుకున్నాను. మరి సుగుణమ్మ? ఆమెకు పింఛను పడేదీ, నాలుగు రాళ్లు దాచుకునేదీ ఆ ఒక్క ఖాతాలోనే. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గేటు దగ్గర గట్టు మీద కూలబడి, "ప్రభువా, నీ పేరు చెప్పి ఆమెను గోతిల నూకిన, నా మొఖం సూడకు, ఆమెను కాపాడు" అని ప్రార్థించాను. ఐదోసారికి ఎత్తింది.

"పక్కింటామెతోని ఫోటోలన్నీ పెట్టిపిచ్చిన అక్కా. ఇగ ఏదో నంబర్ వచ్చింది, అది చెప్పు చెప్పు అని ఒకాయన ఒకటే ఫోన్లు, అందుకే నీది ఎత్తలే. నాకు ఇంగ్లీషు రాదాయె, నీకు సూపిచ్చినంక చెప్త అన్న."

దేవునికే మహిమ! ఆ నంబరు ఆమె నోటి నుంచి బయటికి రాలేదు! ఎవరికీ చెప్పొద్దని ఆమెకు గట్టిగా చెప్పి, పర్మిషన్ తీసుకుని పరుగెత్తాను, బ్యాంకు మూసేలోపు ఇద్దరం వెళ్లి ఖాతా ఆపించాం.

కారు రాలేదు. ఈ రోజు కూడా మా ఆయన్ని ఆటోలోనే తీసుకొచ్చాం, అదిగో, వెనక బెంచీ మీద పడుకుని వింటున్నారు. నా ఆశ మీద దేవుని సంతకం నేనే పెట్టేశాను, ఆయనేమో మన గుడికి రాని మనిషి చేత నా కళ్లు తెరిపించాడు!

నా మాట విని ఆ మెయిల్ ఇంకెవరైనా తీసుకుని ఉంటే సిగ్గుపడకండి, ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి, రేపు పొద్దున్నే బ్యాంకుకు నేనే తోడు వస్తాను. కష్టంలో ఉన్నవాళ్లారా, ప్రభువును నమ్ముకోండి, ఆయన చెయ్యి విడవడు. నన్ను మాత్రం ఒకసారి సరిచూసుకుని నమ్మండి. ఆమేన్.