మట్టి పళ్లేల తూటాలు

మా చందానగర్ సందు చివరి గదిలో కిరాయికుండే కిష్టయ్యను చూస్తే మీకూ నవ్వొస్తుంది. మనిషి పీలగా ఉంటాడు, మీసం మాత్రం వీధికంతా సరిపోతుంది! ఏటీఎంలలో డబ్బు నింపే వ్యానుకు కాపలా గన్‌మన్. ఆ కంపెనీ ఇచ్చేది యూనిఫారం ఒక్కటే. తుపాకీ, లైసెన్సు, తూటాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట. విని నేను నోరు తెరిచాను.

నిరుడు దసరా ముందు, పాత తూటాలు చెమ్మకు ఉబ్బిపోతే దుకాణానికెళ్లాడు. సగం ధరకే ఒక డబ్బా కనిపించింది.

"కిష్టయ్యా, ఇవి మట్టి పళ్లేలు గాల్లోకి ఎగరేసి కొట్టే ఆటకు. లోపల సన్న రవ్వలే. డ్యూటీకి పనికిరావు" అన్నాడు దుకాణదారు.

"చప్పుడైతదా సేటూ?"

"అయితది."

"గంతే చాలు. పద్దెనిమిదేండ్ల సంది ఒక్కటి గూడ కాల్వలే. దొంగలు గొట్టం జూస్తెనే ఉరుకుతరు."

ఆయుధపూజ నాడు భార్య ఈరమ్మ తుపాకీకి బొట్టు పెట్టింది గానీ డబ్బాకు పెట్టలేదు. "ఆటసామాన్లకు బొట్టెందుకు? జర సిగ్గుండాలె. ఆ ఎంకట్ పానం నీ చేతుల్నే ఉంటది."

ఆ వ్యానులో వెళ్లి ఏటీఎంలలో నోట్లు నింపే వెంకట్‌కు మాత్రం ఈ తూటాల సంగతి ఎవరూ చెప్పలేదు. "కాకా, గా తుపాకి వీపు గోక్కోనీకే తెచ్చినవా?" అని రోజూ ఆటపట్టించేవాడు.

మొన్న మాఘంలో, కొండాపూర్‌లో పట్టపగలు, హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు కత్తులతో వచ్చారు. కిష్టయ్య వెనకాడలేదండీ. ముప్పై అడుగుల నుంచి గురిచూసి కాల్చాడు. రవ్వలు ఒకడి మందపాటి జాకెట్లో ఇరుక్కున్నాయి. వాడు తూలాడు, పడలేదు. రెండోసారి కాల్చేలోపు డబ్బు పెట్టె వదలని వెంకట్ కడుపులో కత్తి దించాడు. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది.

తుపాకీ పేలలేదని కంపెనీవాళ్లు వెంకట్ భార్య భానుశ్రీకి చెప్పారు. కిష్టయ్య ఊరుకుంటే ఆ మాటే నిలిచేది. అయిదో రోజు ఈరమ్మ అన్నం గిన్నె పట్టుకుని వెంట రాగా వాళ్లింటికి వెళ్లాడు.

"పాత తుపాకి. నువ్వేం జేస్తవ్ కాకా" అంది భానుశ్రీ.

"పేలింది బిడ్డా. మంచిగనే పేలింది. సగం ధరకొస్తయని ఆటకు కొట్టేటివి తెచ్చిన నేను."

భానుశ్రీ, గడప లోపల ఈరమ్మ పెట్టిన అన్నం గిన్నెను ఇవతలికి జరిపి, తలుపు వేసుకుంది.