ఊడ్చేటోనికి ఆకలి కాదా?

మా రూమ్ పెద్దన్న పోయాడు. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున బౌషర్ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, గుండె ఆగిందని. ఈ గల్ఫ్ దేశంలో, హమ్రియాలో ఉన్న మా రూమ్‌లో ఎవరి మంచం మీద వాళ్లం కూలబడిపోయాం. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఆయన చేపల గతేం కాను?

పెద్దన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ రంగుచేపల దుకాణంలో పని. రూమ్ కిటికీ పక్కన ఆయన సొంత గాజుతొట్టి ఉండేది. అందులో వేలెడంత చేపలు, ఒంటినిండా కవచంలా గట్టి పలకలు, మూతికి మీసాలు. దక్షిణ అమెరికా నదులవట. "మనకంటె దూరంకెల్లి వచ్చినయ్ రా, వీసా లేకుంట!" అని నవ్వేవాడు.

ఇవి జట్టుగానే బతుకుతాయి, అడుగున ఇసుకలో వెతుక్కుని తింటాయి. అందుకే తొట్టి శుభ్రం చేస్తుందని జనం ఒక్కదాన్నే కొని, మేత వేయడం మానేస్తారు. మీ ఇంట్లో తొట్టి ఉంటే ఈ పొరపాటు చేయకండి. ఓసారి దుకాణంలో నా ఎదుటే ఒక హైదరాబాద్ భాయ్ "ఒక్కటి చాలు, కచరా తిని బతుకుతది" అన్నాడు. పెద్దన్నకు కోపం నషాళానికి అంటింది.

"ఊడ్చేటోనికి ఆకలి కాదా భాయ్? జట్టుగ తీస్కపో, మేత గూడ తీస్కపో. లేకుంటె వద్దు, పో!"

నేను ఆఫీసులు ఊడ్చే కంపెనీ మనిషిని. ఆ మాట విని నా ఛాతీ ఉప్పొంగింది. వచ్చిన కొత్తలో నేను మూలన ఒక్కణ్నే రొట్టె నములుతుంటే, నా పళ్లెం లాక్కెళ్లి తన పళ్లెం పక్కన పెట్టుకున్నది ఆయనే. "ఈడ ఎవ్వడు ఒక్కడే తినద్దు" అన్నాడు. అప్పటి నుంచి డ్యూటీ నుంచి ఆఖరివాడు వచ్చేదాకా మా రూమ్‌లో గిన్నె మూత తీయం. నేను ఈ దేశంలో నిలదొక్కుకున్నానంటే ఆయన చలవే.

పెద్దన్నను ఊరికి పంపిన మర్నాడు దుకాణం సేఠ్ వచ్చాడు. "చేపలియ్యండి, ఒక్కొక్కటి అమ్ముకుంట" అన్నాడు.

"ఇయ్యం సేఠ్. అవి విడిపోవు" అన్నాను.

"మరి ఎవరు చూస్తరు?"

"మేం" అని రూమ్ రూమంతా అరిచింది. సేఠ్ వెళ్లిపోయాడు.

ఈ సాయంత్రం సమాయిల్ సైట్‌కి పనికి పోయిన మా రూమ్ వాడొకడు ఇంకా రాలేదు. గిన్నె మూత అలాగే ఉంది. తొట్టిలో మాత్రం మేత వేశాను. అన్నీ ఒక్కచోట చేరి మీసాలు ఇసుకకు ఆనించి తింటున్నాయి. ఒకటి చివ్వున పైకొచ్చి, గుక్కెడు గాలి మింగి, మళ్లీ జట్టులోకి దిగింది.