నాలుగో తరగతిలో జరిగిన అప్పగింతలు

మా చిన్నప్పుడు పలమనేరులో పొద్దుటిపూట చలి అంటే చలే... అందులోనూ గుండు మీద పడే చలి. ఆ ఏడు నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. మొక్కుకున్న ప్రకారం అమ్మ కొండకు తీసుకెళ్ళి నా తలనీలాలు ఇప్పించింది. రెండు జడలతో వెళ్ళిన బడికి, నాలుగో తరగతి చదివే ఆడపిల్లని, గుండుకు గుడ్డ కట్టుకుని వెళ్ళాను.

మా తరగతిలో సుగుణ అని ఒక పిల్ల ఉండేది. పరీక్ష తప్పి అదే తరగతిలో ఉండిపోవడం వల్ల మా అందరికంటే జానెడు ఎత్తు. కొండ మీద గుండు చేయించుకున్నవాళ్ళు తలకు గంధం పూసుకుంటారు కదా... సుగుణకు ఆ వంక దొరికింది. సుద్దముక్క నూరి, నీళ్ళు కలిపి సిద్ధంగా పెట్టుకునేది. విరామం గంట కొట్టగానే నా తలగుడ్డ లాగేసేది.

"రావే గుండూ, గంధం పూస్తా. సల్లగుంటాది!"

పూసేది. చుట్టూ ఉన్నవాళ్ళు "గోవిందా" అని అరిచేవాళ్ళు. సుద్ద ఎండాక తలంతా బిగుసుకుపోయేది...

ఇంటికొస్తే అమ్మ ఆ తెల్లటి చారలు తడిగుడ్డతో తుడిచేది. "సామికిచ్చిన దానికి ఏడవాకు మే. ఎగతాళి చేసినోళ్ళని ఆయనే సూసుకుంటాడు" అనేది. ఎప్పుడు చూసుకుంటాడో మాత్రం చెప్పేది కాదు.

నాయన బెల్లం మండీ నుంచి వచ్చి, "నీకు చేతుల్లేవా? తిరగబడి ఒకటి ఇయ్యలేకపోయినావా?" అనేవాడు.

ఒకరు ఊరుకోమంటారు, ఒకరు కొట్టమంటారు... ఎవరి మాట వినాలో తెలియక ఒకరోజు చెయ్యెత్తాను. సుగుణ ఆ చెయ్యి గాల్లోనే పట్టేసుకుంది. "ఓయబ్బా! గుండుకు కోపమొచ్చినాది!" ఆ రోజు గంధం రెండుసార్లు పడింది.

మర్నాడు బడికి పోనని మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. "పద, నేనొస్తా" అని నాయన లేచాడు. నాయన గొంతు విప్పితే మండీలో బస్తాలు మోసేవాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు. ఇవాళ ఆ గొంతు సుగుణ మీద పడుతుంది... దారి పొడవునా నాకు అదే సంతోషం.

నాయనను చూసి పిల్లలంతా పారిపోయారు. సుగుణ మాత్రం నిలబడే ఉంది. చేతిలో సుద్దముక్క.

"ఎవురి పాపవమ్మా నువ్వు?" అన్నాడు నాయన, గట్టిగానే.

"ఎవురి పాపనూ కాదు. మా అవ్వ కాడ ఉంటాను."

నాయన నా చెయ్యి పట్టుకుని సుగుణ చేతిలో పెట్టాడు... పెళ్ళిలో అత్తగారి చేతిలో పెట్టినట్టు!

"ఈ పొద్దు నుంచి ఇది నీ చెల్లెలు. నీకు అప్పజెప్తాండా. దీనికేమన్నా అయితే నిన్నే అడిగేది."

నా కోసం వచ్చిన మనిషి, నన్ను దానికే ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు అలాగే అనిపించింది.

గంధం మాత్రం ఆగిపోయింది. ఎవడో నా గుండు మీద మొట్టికాయ వేస్తే సుగుణ వాణ్ణి కిందపడేసింది కూడా. కానీ ఆ తర్వాత నేను ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో ఆడుకోవాలో అదే చెప్పేది. ఇంకో పిల్లతో తొక్కుడుబిళ్ళ ఆడితే, "ఎవుర్నడిగి పోయినావు? మీ నాయన నిన్ను నాకప్పజెప్పినాడు" అని లాక్కొచ్చేది.

ఇంట్లో చెబితే నాయన మీసం దువ్వుకుంటూ నవ్వాడు. "సూసినావా, ఎట్ల మార్సేసినానో!" మండీ అంతా ఈ కథ చెప్పుకున్నాడు. అమ్మ నా క్యారియర్‌లో సుగుణకు కూడా ఇడ్లీలు పెట్టడం మొదలుపెట్టింది. ఇక నేను ఎవరితో చెప్పుకోవాలి...

జుట్టు పెరిగాక జడ కూడా అదే వేసేది. కణతలు లాగి నొప్పి పుట్టేది. రిబ్బన్ ముడి మాత్రం మా అమ్మ కంటే బాగా వేసేది.

నా పెళ్ళికి సుగుణ వచ్చింది. అప్పగింతల్లో పాలల్లో ముంచిన నా చేతులు అత్తగారికిస్తూ నాయన ఏడుస్తుంటే, వెనక నుంచి దాని గొంతు వినిపించింది. "పెదనాయనా, నాకప్పజెప్పిన పిల్లని నన్నడక్కుండా వాళ్ళకెట్ల ఇస్తాండావు?"

అందరూ నవ్వారు. నాయన కూడా ఏడుస్తూనే నవ్వాడు. నాకే ఏడుపు ఆగలేదు. పుట్టిల్లు వదిలి వెళ్తున్నందుకు అనుకున్నారు... అది ఎందుకో నాకే తెలియదు.

ఇంటి ఖర్చు పైసాతో సహా రాసి పెట్టుకునే అలవాటు నాది. నాయన నన్ను సుగుణకు అప్పజెప్పిన ఈ ఒక్కటి మాత్రం జమలో వేయాలో ఖర్చులో వేయాలో ఇప్పటికీ తేలలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. స్కూలు బస్సులో ఎవరో మా మనవరాలి కళ్ళజోడు లాక్కుని ఏడిపిస్తున్నారట. "టీచరుకు చెప్పాలా, వాళ్ళమ్మతో మాట్లాడాలా, తిరిగి కొట్టమనాలా... ఏం చేయమంటావమ్మా?" అంది.

అప్పుడు ఒకటి తట్టింది. ఆ రోజు నాయన సుగుణను ఎవరి పాపవని అడిగాడు. నన్ను మాత్రం, నీకేం కావాలని అడగలేదు. అందుకే ఫోన్ పాపకిమ్మన్నాను.

"నీకేం చేస్తే బాగుంటుంది తల్లీ?"

"నాకూ తెలీదు అమ్మమ్మా..."

నిజమే. నాయన నన్ను అడిగి ఉంటే సుగుణను కొట్టమని చెప్పి ఉండేదాన్ని. అప్పుడు నా పెళ్ళిలో దాని గొంతు వినిపించేది కాదు...

మా నాయనకు ఏ సందేహమూ ఉండేది కాదు. ఒక్కసారి బడికి వెళ్ళాడు, తేల్చేసి వచ్చాననుకున్నాడు. మేమేమో అన్నీ చదివి, అందరినీ అడిగి, ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. మీరు ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజు మీ ఇంట్లో ఏం చేశారు...? అది మంచే అయిందా? మా అమ్మాయికి నేనింకా జవాబు చెప్పలేదు.