పదకొండు పేలని తూటాలు

ఒడిశాలో సునాబెడ శివార్లలోని ఆ చిన్న రైఫిల్ క్లబ్బులో ఆయుధాగారం అంటే పదడుగుల గది, ఒక ఇనుప బీరువా, రెండు తాళాలు, అసిరయ్య. వీటిలో తుప్పు పట్టనిది తానొక్కడేనని అసిరయ్య అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఎవరూ అడగకపోయినా వారానికోసారి చెబుతూ ఉంటాడు.

అతని తండ్రి టెక్కలి పక్క పల్లె నుంచి వచ్చి మునిసిపాలిటీలో కొళాయిలు తిప్పేవాడు. అసిరయ్య ఇరవయ్యేళ్ళు కుట్టుమిషన్లు బాగుచేశాడు. జనం రెడీమేడ్ బట్టలకు అలవాటుపడి మిషన్లు అటకెక్కాక, క్లబ్బువాళ్ళు పిలిచి తుపాకులు చూసుకోమన్నారు. కొత్త విద్య అని అతను బెదరలేదు. "అందులోనూ సూదే, ఇందులోనూ సూదే. ఎనకాల స్ప్రింగు తన్నుద్ది, ముందు సూది పొడుస్తాది. అక్కడ గుడ్డ, ఇక్కడ తూటా" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఈ సిద్ధాంతానికి ఎదురు రాలేదు.

ఈ డిసెంబరులో వచ్చింది.

ఆదివారం జిల్లా ఎంపిక పోటీ. క్లబ్బు తరఫున వెళ్ళేది శాంతిప్రియ ఒక్కతే. మునిసిపాలిటీ ట్రాక్టరు డ్రైవరు కూతురు, డిగ్రీ రెండో ఏడు. యాభై నిమిషాల్లో అరవై తూటాలు కాల్చాలి. మంగళవారం పొద్దున్న ఏడు గంటలకు మంచులో బోర్లా పడుకుని సాధన మొదలుపెట్టింది. నాలుగో తూటాకి ట్రిగ్గరు నొక్కితే 'టిక్' మని ఊరుకుంది.

పేలని తూటాని వెంటనే తీయకూడదు. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది కాబట్టి గొట్టం గురివైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఆ అమ్మాయి ఆగింది. తొమ్మిదోదానికి మళ్ళీ ఆగింది. అలా పదకొండుసార్లు ఆగేసరికి యాభై నిమిషాలూ అయిపోయాయని గంట కొట్టేశారు. ఇంకా ఏడు తూటాలు పెట్టెలోనే ఉన్నాయి.

"ఆదివారం కూడా ఇలగే అయితే నా పని అయిపోయినట్టే మావయ్యా" అంది అసిరయ్యతో, చేతితొడుగు విప్పుతూ.

సెక్రటరీ మనోరంజన్ బాబు రిటైరైన లెక్కల మాస్టారు. ఒడియావాడైనా తెలుగు వచ్చు, తీర్పులు చెప్పేటప్పుడు మరీ బాగా వస్తుంది. తూటాపెట్టె ఎత్తి చూసి, "మూడో వంతు ధరకి కొన్నాం. మూడో వంతు పనే చేస్తుంది. దుకాణందారుకి ఉత్తరం రాస్తాను" అన్నాడు.

"ఆజ్ఞా" అన్నాడు అసిరయ్య, ఒడియాలో చిత్తం అన్నట్టు. తుపాకీ తప్పు కాదని తేలాక ఇంకేం కావాలి?

శాంతిప్రియకి తేలలేదు. ఆ మధ్యాహ్నమే ఎండలో అదే పెట్టెలోంచి పది తూటాలు కాల్చింది. పదీ పేలాయి.

"సెమ్మ" అన్నాడు అసిరయ్య. "పొద్దున మంచుకి మందు సెమ్మెక్కింది." వెంటనే తూటాపెట్టెల్ని తెచ్చి, చెమ్మ పీల్చేస్తుందని బియ్యం గోనెలో పాతిపెట్టి, ఆయుధాగారం ముందు రాతిబల్ల మీద అరగంట కూర్చుని కాపలా కాశాడు. బియ్యం తన ధర్మం తాను చేసింది. బుధవారం పొద్దున్న మళ్ళీ పది పేలలేదు.

గురువారం ఆ పిల్ల మరో రైఫిల్లో అవే తూటాలు పెట్టింది. అదే చలిలో అన్నీ పేలాయి. అయితే ఆ రైఫిలు గురి అద్దం పాతది; దాంతో పోటీకి వెళ్ళడం కన్నా ఇంట్లో కూర్చోవడం మేలు. ఆపైన తన రైఫిల్లో క్లబ్బు దాచిపెట్టిన ఖరీదైన తూటాలు ఐదు పెట్టి చూసింది. అవీ పేలాయి. అవి ఐదే ఉన్నాయి.

"సూసేవా? తూటాదే తప్పు" అన్నాడు అసిరయ్య.

"మరి ఆ రైఫిల్లో ఎందుకు పేల్నాయి?"

"దానికి బుద్ధి తక్కువ. ఏది పెట్టినా పేల్సేస్తాది."

శాంతిప్రియ రెండు తూటాలు బల్లమీద పెట్టింది. ఒకటి పేలిన తూటా డొల్ల, ఒకటి పేలనిది. "అంచు మీద గాటు సూడు మావయ్యా. పేల్నదానికి లోతుగుంది. పేలనిదానికి గోరుతో గీకినట్టుంది. సూది గట్టిగా పొడవట్లేదు. ఖరీదైన తూటా మెత్తగా తడితే లెగుస్తాది. సవకది నాలాగ, గట్టిగా లేపాల. సూది ఉండే ఆ బోల్టు ఇప్పి సూడు."

అసిరయ్య ముఖం గంభీరమైంది. "అది ఇప్పకూడదమ్మీ."

"ఏటి?"

"ఇశ్వకర్మ పూజ నూనె పోసేను దాంట్లో. మళ్ళీ పూజొచ్చేదాక ఆ నూనె తుడవకూడదు. మా నాన్న నాగలికి పోసేవాడు, కొళాయి తాళానికి పోసేవాడు. ఏనాడూ తుడవలేదు."

"గొట్టం రోజూ తుడుస్తావు గదా?"

"గొట్టానికి బొట్టే పెట్టేను. అభిషేకం బోల్టుకి."

సెప్టెంబరు పూజనాడు ఆ రైఫిల్నే ముఖ్యమైన ఆయుధంగా ఎంచి, మిగతావాటికి బొట్లతో సరిపెట్టి, దీని బోల్టు సందులోంచి సూదీ స్ప్రింగూ మునిగేలా చేతులారా నూనె పోశాడు. ఇంత చేశాక తుపాకీ ఎదురుతిరుగుతుందని అనుకోవడానికి శాస్త్రం ఒప్పుకోదు.

శుక్రవారం పొద్దున్న అతని భార్య రాజులమ్మ తలదువ్వుకోవడానికి కూర్చుని, కొబ్బరినూనె సీసాని అరుగు మీద ఎండలో పెట్టింది. చలికాలం నాలుగు నెలలూ ఆమె పెట్టేదే, అతను చూసేదే. ఆ రోజు మాత్రం టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. సీసాలో నూనె వెన్నముద్దలా బిగిసి ఉంది. ఎండ తగిలిన పక్క మాత్రం కరుగుతోంది.

"రాజులూ, పూజకి నాకు ఇచ్చిన నూనె ఏ సీసాలోది?"

"ఇందులోదే. ఎందుకు, దేవుడికి జుత్తు పెరిగిందేటి?"

అసిరయ్య టీ తాగలేదు. "సూది వెన్నలో ఇరుక్కుంది" అన్నాడు. "మద్దేనం కరుగుద్ది, పొద్దున్న బిగుస్తాది. నేనే పోసేను."

"అయితే తుడిసేయి."

"పూజ నూనె గదా."

"పూజ అయ్యి మూడు నెల్లయ్యింది. దేవుడు తాగేదేదో తాగేసుంటాడు. మిగిల్ది పోగొడితే ఆ గుంటపిల్ల ఆదివారం నెగ్గుతాది. పోగొట్టకపోతే నువ్వు నెగ్గుతావు. సూసుకో."

అసిరయ్య ఆయుధాగారానికి వెళ్ళాడు. తండ్రిని తలుచుకుని, విశ్వకర్మకి ఒక దండం పెట్టి, బోల్టు విప్పాడు. లోపల స్ప్రింగు చుట్టూ తెల్లగా గడ్డ కట్టి ఉంది. చిన్న ఇత్తడి గిన్నెలో కిరోసిన్ పోసి సూదిని, స్ప్రింగుని కడిగాడు. గుడ్డతో ఆరతుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేలికొసన రాసి తిరిగి బిగించాడు. ఇరవయ్యేళ్ళు తన చేతిలో ఉన్న నూనె అది, చలికి బిగుసుకోనిది. దాన్ని మరిచి తలనూనె ఎందుకు పోశాడో అతనికే తెలియలేదు. పూజ నూనె కలిసిన ఆ కిరోసిన్‌ని ఎక్కడ పారబోయాలో తోచక, చివరికి క్లబ్బు పెరట్లో బొప్పాయి మొదలుకి కాస్త దూరంగా, ఎవరూ తొక్కనిచోట గుంట తీసి పోశాడు.

తర్వాత మనోరంజన్ బాబు ఇంటికి వెళ్ళాడు. ఉత్తరం టైపై ఉంది. కవరు మీద తపాలా బిళ్ళ కూడా అతికించి ఉంది.

"పంపకండి బాబూ. తప్పు తూటాది కాదు, నాది" అని జరిగినదంతా చెప్పాడు.

మనోరంజన్ బాబు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "కొబ్బరినూనె" అన్నాడు. కవరు తిప్పి చూసి, "బిళ్ళ దండగ" అన్నాడు.

ఆదివారం పొద్దున్న మంచు అలాగే ఉంది. శాంతిప్రియ పడుకుంది. అసిరయ్య వెనక నిలబడి ప్రతి పేలుడికీ వేలు మడిచాడు. పదికి పది. ఇరవైకి ఇరవై. ఇరవైమూడోది 'టిక్' మంది. అర నిమిషం ఆగి ఆ పిల్ల తూటా తీసి పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా ఇంకోటి పెట్టింది. నలభైయొకటోది ఇంకోసారి 'టిక్' మంది. తర్వాత అన్నీ పేలాయి. పేలనివాటికి బదులు కాల్చినవి కూడా పూర్తయ్యేసరికి ఇంకా ఆరు నిమిషాలు మిగిలాయి. మధ్యాహ్నం జాబితాలో ఆమె పేరు మూడోది. ముగ్గుర్నే తీసుకున్నారు.

అసిరయ్య ముందుగా జాబితా చూడలేదు. పేలని రెండు తూటాల్ని వెలుగుకి పట్టి అంచులు చూశాడు. రెండింటికీ గాటు లోతుగా, నిండుగా ఉంది.

"సూడమ్మీ" అన్నాడు. "సూది పొడిసింది. ఈ రెండూ మందుదే తప్పు."

"అయితే ఉత్తరం పంపమని బాబుకి సెప్పనా?"

అసిరయ్య ఆలోచించాడు. మంగళవారం పదకొండు, బుధవారం పది. అందులో తనవి ఎన్నో, తూటావి ఎన్నో ఇప్పుడెవరూ తేల్చలేరు.

"వద్దులే. రెండింటి కోసం ఆ దుకాణం ఆడికి ఉత్తరం ఎందుకు? ఈ లెక్కన ఆడు నాకే రాయాల" అన్నాడు. రెండు తూటాల్నీ పేలనివాటి డబ్బాలో వేసి, మూత బిగించి తాళం పెట్టాడు.