ట్యూరిన్‌లో నేను చూడని వస్త్రం

పరాయి దేశంలో, క్రాంజీ అనే చోట బస్సెక్కాక పక్కసీటాయన తెలుగువాడని తెలిసింది. ఇక నా నోరు ఆగుతుందా? ఇటలీలోని ట్యూరిన్‌లో, యేసుప్రభువు దేహానికి చుట్టారని చెప్పే వస్త్రం కోసం కట్టిన బరోక్ అనే పాత శైలి మందిరం చూసొచ్చానన్నాను. అంతవరకూ నిజమే. ఆ ఊపులో వస్త్రాన్ని తాకానని కూడా అనేశాను.

అతను కట్టు కట్టిన కుడిచెయ్యి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "అయితే ఆ చేత్తోనే పట్టుకుని ప్రార్థన చెయ్యన్నా. షిప్‌యార్డులో నలిగింది. ఇవాళ డాక్టరు చూస్తాడు. వేళ్ళు కదలకపోతే నన్ను ఊరికి పంపేస్తారు."

"తమ్ముడూ, అబద్ధమాడాను. నల్లరాతి గోడలు, పైన కిటికీల గోపురం, అంతే చూశాను. వస్త్రం ఇప్పుడు అందులో లేదు. పక్క చర్చిలో పెట్టెలో పెట్టి మూసేశారు."

అతను పకపకా నవ్వాడు. "గుమ్మం దాకా పోయొచ్చావు గదా! మా నెల్లూరోళ్ళెవరూ అంత దూరం పోలా. పట్టుకో."

పట్టుకున్నాను. ప్రార్థన రాదు గనక ఊరికే కళ్ళు మూసుకున్నాను. నిజం చెప్పేసినందుకో ఏమో, ఒళ్ళు తేలికైంది.

"కదిలిందన్నా!" అన్నాడు.

నేనే కదిలించానేమోనని నా చెయ్యి కదపకుండా కూర్చున్నాను.

అతని చిటికెనవేలు మళ్ళీ కదిలింది.