సముద్రం రంగు అడిగినందుకు

అనకాపల్లిలో మన ఫిజిక్సు సారుకి సన్మానమంటూ మన బడి వాట్సాప్ గ్రూపులో ఆయన బెత్తం ఫోటో పెట్టారు. చూడగానే దానికి రాసే ఆముదం వాసన ముక్కుకి తగిలింది.

గుర్తుందా, నోబెల్ వచ్చినవాళ్ల పేర్లు వల్లె వేయించిన రోజు? సముద్రపొడ్డునున్న పూడిమడక నుంచి వచ్చి హాస్టల్లో ఉండే నూకరత్నం లేచి, "సముద్రం నీలంగా ఉంటాది గదా సార్, దోసిట్లోకి తీత్తే నీళ్లకి రంగుండదేటి?" అంది.

"చేపలమ్ముకునేదానివి, నీకెందుకే ఇవన్నీ?" అంటూ సారు దాని అరచేతులు వాచేలా కొట్టాడు. అది మళ్లీ బడికి రాలేదు.

ఆ ప్రశ్న వెంటబడే మన దేశంలో ఒకాయన నోబెల్ తెచ్చాడు. సిగ్గులేకుండా ఆ పేరూ వల్లె వేయించాడీ సారు.

"బెత్తం వల్లే బాగుపడ్డాం" అని రాసినవాళ్లారా, వినండి. నేనూ వస్తాను, పూడిమడక వెళ్లి నూకరత్నాన్ని వెంటబెట్టుకుని. అదే ప్రశ్న మళ్లీ అడుగుతుంది. శాలువా కప్పేముందు మైకు ఆ చేతుల్లో పెట్టండి.